ఎర్త్ వైరు

ఆమె తడిగుడ్డ పిండి వ్యాన్ సీట్లు తుడుస్తోంది.

సాయంత్రానికి తుక్కులో కలిసిపోయే బండి. అయినా చెయ్యి అలవాటు మానలేదు.

"పీనుగకి సింగారాలెందుకే?" అంది గడపలో కూర్చున్న అత్తగారు.

ఆమె గుడ్డని మళ్ళీ నీళ్ళలో ముంచింది.

ఆ పాత వ్యాన్‌లో బడిపిల్లల్ని తిప్పితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. కొంతకాలంగా అది వేడెక్కగానే నల్లటి పొగ కక్కి నడిరోడ్డు మీద ఆగిపోతోంది. ఇంజన్ వేడిని కనిపెట్టే సెన్సర్ పోయిందని ఒకరు మార్చారు. కొత్తదీ పోయిందని ఇంకొకరు మార్చారు. బండి మాత్రం మారలేదు. పిల్లల తల్లులు వేరే వ్యాన్ వెతుక్కుంటున్నారు.

విసిగిపోయిన అత్తగారు తుక్కు కొనేవాడికి ఫోన్ చేసింది, వచ్చి లాక్కుపొమ్మని.

ఆమె ఆఖరి ఆశగా, ఎవరో చెబితే, ముఖమైనా తెలియని ఒక మెకానిక్‌కి ఫోన్ చేసింది.

గేటు చప్పుడైంది. నూనె మరకల చొక్కాతో ఒకతను లోపలికొచ్చాడు.

"బండి కోసం వచ్చానమ్మా."

"పొద్దుననగా వస్తానన్నారు, ఇదేనా రావడం? ఆ తుక్కువాడు దిగకముందే చూడండి బాబూ. గొడ్డు ఎప్పుడు చస్తుందా అని కాచుకునే రాబందులు వాళ్ళు!" అందామె.

అతను ఏదో చెప్పబోయాడు.

తడి ఆరని సీట్ల వంక, ఆమె చేతిలోని గుడ్డ వంక చూసి ఆగిపోయాడు.

జేబులోంచి పాత ఓల్టేజీ మీటరు తీశాడు. ఇంజన్ ఆన్ చేయించి, సెన్సర్ వైరుకి మీటరు ఆనించి, కదలకుండా నిలబడ్డాడు.

"ఊరికే నిలబడ్డారేం?"

"వేడెక్కాలమ్మా. చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. వేడెక్కాకే అసలు గుణం."

"మా అత్తగారి బండేగా మరి," ఆమె గొణిగింది.

"వినబడిందిలే," అంది గడపలోంచి అత్తగారు.

అతను నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది, చాలా రోజులకి.

ఇంజన్ కాగుతున్నకొద్దీ మీటరులో అంకె తగ్గుతూ వచ్చింది. ఫ్యాన్ తిరగడం మొదలైందో లేదో, ఒక్కసారిగా పైకెగిరింది. ఇంజన్ దగ్గింది.

"అదిగో! వేడికి ఓల్టేజీ తగ్గాలి. ఇదేమో ఫ్యాన్ తిరగ్గానే పెరుగుతోంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని, బండిలోని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోసి దాని గొంతు నులుముతోంది."

"మళ్ళీ సెన్సరేనా?" ఆమె గొంతు నీరసంగా వచ్చింది.

"పాపం, దాని తప్పేం లేదమ్మా. దానికీ ఫ్యాన్‌కీ ఎర్త్ వైరు ఒకటే. అది కుళ్ళి, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా సెన్సర్ లెక్క తప్పుతోంది. ఈ రకం బండ్లు ఎన్ని విప్పానో! అన్నిటికీ రోగం ఇక్కడే."

బ్యాటరీ కిందికి చెయ్యి పోనిచ్చి, చిలుం పట్టిన బోల్టు ఒకటి ఊడదీశాడు. గీకాడు. కుళ్ళిన వైరు కోసి కొత్త ముక్క వేసి బిగించాడు.

మళ్ళీ ఫ్యాన్ తిరిగింది. ఈసారి అంకె కదల్లేదు. పొగ లేదు. ఇంజన్ జోరీగలా సన్నగా పాడుతూనే ఉంది.

ఆమె బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

"ఇక ఆ తుక్కువాడు వస్తే ఉత్త చేతులతో పోవాల్సిందే," అత్తగారు గొప్పగా అంది. "పది ఇళ్ళ ఉసురు పోసుకునే బతుకు, వాడిదీ ఒక బతుకేనా? నువ్వు చల్లగా ఉండు నాయనా!"

అతను తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు.

"ఉండండి, మంచినీళ్ళు తెస్తాను," అంటూ ఆమె లోపలికి పరుగెత్తింది.

గ్లాసుతో తిరిగొచ్చేసరికి అతను గేటు దాటి వెళ్తున్నాడు.

పిలుస్తూ వీధిలోకి వచ్చిన ఆమె అక్కడే నిలబడిపోయింది. మలుపులో, ఆమె వ్యాన్‌ని కట్టి లాక్కుపోవడానికి తెచ్చిన గొలుసుల్ని లారీలోకి తిరిగి విసిరి, ఖాళీ లారీ ఎక్కుతున్నాడతను.