వింధ్యావళి నివాసానుమతి

గోడలకు చెవులుంటాయన్న మన పెద్దల మాటను ఆ మంచుదేశపు ప్రభుత్వం సాక్షాత్తు చట్టంగా మార్చింది. ఉద్యోగి వెంట వచ్చిన భార్యకు నివాసానుమతి కావాలంటే, ఆ ఇంటి గోడ తొంభై రోజులు వారి కాపురాన్ని ఆలకించి, అది నిజమైన దాంపత్యమేనని ధ్రువీకరించాలి.

ఎనభై తొమ్మిదో ఉదయం గోడగారు వింధ్యావళితో గంభీరంగా సెలవిచ్చారు.

"ఈ ఇంట భార్యాభర్తలు ఒక్కసారైనా కృతజ్ఞతలు చెప్పుకోలేదు. మీరు అపరిచితులని భావించవలసి వస్తోంది. ఇలాగైతే ఎల్లుండి మీరు దేశం విడవాలి."

"కట్టుకున్నవాడికి థాంక్సేమిటి, నా మొహం!" అందామె. కానీ ఆమె కళ్లు క్యాలెండరు మీదికి పోయాయి.

వంటింట్లో కాఫీ కలుపుతున్న భర్త కామేశానికి ఈ శాసనం వినబడలేదు. అతను గ్లాసు తెచ్చి అందించగానే ఆమె, పెళ్లయిన పదకొండేళ్లలో తొలిసారిగా, ఆ మాట పలికింది.

"థాంక్సండీ."

కామేశం మొహం పాలిపోయింది. గబగబా ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏమైందే? జ్వరమా? నిన్న పప్పులో ఉప్పు లేదన్నానని కోపమా?"

"అబ్బే, ఏం లేదండీ."

"మరి పరాయివాడితో అన్నట్టు ఆ మాటేమిటి? తిట్టు, పడతాను. ఇలా మాత్రం అనకు."

వింధ్యావళి నవ్వబోయి ఏడ్చేసింది. అతను ఆఫీసు సంగతి మరచి పక్కన కూర్చున్నాడు.

గోడగారు అతని గుండెచప్పుడును చాలాసేపు ఆలకించారు.

"అనుమతి మంజూరైంది," అన్నారు చివరికి. "అమ్మా, ఆ మాట మళ్లీ అనకండి. ఆయన తట్టుకోలేరు."