తప్పులు దిద్దని వయొలిన్

కాకినాడ బాలల ఆర్కెస్ట్రాలో ముందు వరుసలో వాయించే హంసినికి, ప్రపంచం మెచ్చే విద్వాంసురాలు కావాలని కోరిక. వేలు ఎక్కడ పెట్టినా తప్పు తానే దిద్దుకుని సరైన స్వరమే పలికే వయొలిన్లు వచ్చాక, ఆ ఊళ్లో అలాంటి కోరిక ఇంటికొకటి ఉండేది.

వార్షికోత్సవం నాడు, కచేరీ మధ్యలో, వయొలిన్లన్నిటిలో ఆ దిద్దుబాటు ఆగిపోయింది. పిల్లులు కొట్లాడుకుంటున్నట్టు హాలంతా గోల. పిల్లలు సిగ్గుపడి వాద్యాలు దించేశారు. హంసిని మాత్రం తీగ మీద వేలు జరుపుతూ, జరుపుతూ, చివరికి ఒక్క స్వరాన్ని పట్టుకుంది. అది ఆమె వేలి కింద వణికింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"రేపటికల్లా బాగుచేసేత్తారంట. బెంగెట్టుకోకు," అంది తల్లి కనకవల్లి, ఇంటికి వెళ్తూ.

"వద్దమ్మా. నా వయొలిన్‌లో ఆ దిద్దుబాటు తీయించెయ్యి. నేను నేర్చుకోవాలి."

"వచ్చిన విద్యని మళ్లీ నేర్చుకోడమేంటే?"

హంసిని పట్టు వదల్లేదు. తల్లికి తీయించక తప్పలేదు. అపస్వరాలు పలుకుతున్నాయని ఆర్కెస్ట్రా వాళ్లు ఆమెను తీసేశారు. అప్పటినుంచి రోజూ సాయంత్రం గదిలో తలుపేసుకుని సాధన చేస్తోంది.

ఓ రోజు పక్కింటి సుభాషిణి వచ్చింది. లోపల్నుంచి వస్తున్న కీచుశబ్దానికి చెవులు మూసుకుని, జాలిగా అడిగింది:

"అంత బాగా వాయించే పిల్ల, వయొలిన్ ఎందుకు మానేసింది వదినా?"