జమునకు జరిగిన అన్యాయం

లెక్కల్లో జమునకు నలభై ఒకటి. నవతకు ఎనభై ఆరు.

లెక్కలు అవే, జవాబులు అవే. పక్కపక్క గదుల్లో ఉండే ఆ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని రాశారు. ఒకే ఫోన్‌తో ఫొటోలు తీసి బడికి పంపారు. తేడా అంతా దిద్దిన చేతుల్లో ఉంది. నవతది ఏ సెక్షన్, వజ్రమ్మ టీచర్. ఆమెది ఎముక లేని చెయ్యి. జమునది బీ సెక్షన్, రాజలింగం సార్. ఆయన ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు.

కరోనా ఏడు కదా, పదో తరగతికి పబ్లిక్ పరీక్షల్లేవు. ఇంట్లో రాసి పంపిన వాటికి బడిలో ఎన్ని వేస్తే అన్నే. సూరత్‌లోని ఆ తెలుగు బడి పిల్లల తలరాతలు పంతుళ్ల ఎర్ర పెన్నుల్లో పడ్డాయి.

లెక్కల పుణ్యమా అని నవత గట్టెక్కింది. మొత్తం మీద అరవై ఒక్క శాతం.

ఆ అరవై కోసమే ఆ పిల్ల ప్రాణం పెట్టి చదివింది. ఏప్రిల్‌లో తల్లి నర్సవ్వ ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియో కాల్ చేసి, ఆయాసపడుతూనే మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. పిల్లకు అరవై శాతం వస్తే పైచదువు చదివించాలి. రాకపోతే ఆయన ఇష్టం. గంగారాం వేములవాడ రాజన్న మీద ఒట్టేశాడు. నర్సవ్వ మళ్లీ ఇంటికి రాలేదు.

ఆయన ఇష్టమంటే ఏమిటో నవతకు తెలుసు. తండ్రి బట్ట నేసే సాంచాల కార్ఖానాలో కండెలకు నూలు చుట్టడం. లాక్‌డౌన్‌కు ఊళ్లకు పోయినవాళ్లు తిరిగి రాక, మనుషులు కావాలని సేటు రోజూ మొత్తుకుంటున్నాడు.

తన గండం గడిచింది కదా అని ఊరుకునే పిల్ల కాదు నవత. తల్లి గుణం. రాత్రి తండ్రికి అన్నం పెడుతూ అంది.

"బాపూ, జమునకు మస్తు అన్యాయమైంది. ఇద్దరం ఒక్క తీర్గనే రాసినం. నాకు ఎనభై ఆరు, దానికి నలభై ఒకటి. గిదేం దిద్దుడు?"

గంగారాం చేతిలో ముద్ద ఆగింది. "ఏం ఫరక్ లేదా?"

"జర గూడ లేదు. ఫోన్ల ఫొటోలున్నయి."

"ఏదీ, చూపియ్యి బిడ్డా."

తెల్లారి పనికి నాగా పెట్టాడు. ఉతికిన చొక్కా తొడిగాడు. ఇన్నేళ్లలో బడి గడప తొక్కని మనిషి! జమున తండ్రి బుచ్చిరాములు "పోనీ తియ్యే అన్నా, పంతుళ్లతోటి మనకేంది?" అని నసుగుతుంటే రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. వాడలో నలుగురు తల్లిదండ్రులను కూడా పోగేశాడు.

జమునతో కలిసి వెనక నడుస్తున్న నవత గుండె పొంగిపోయింది. పరాయి పిల్ల కోసం ఇంతగా కొట్లాడే మనిషా తన తండ్రి! అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుని మాస్కు లోపలే ఏడ్చింది.

హెడ్మాస్టర్ గదిలో గంగారాం బల్ల గుద్దాడు.

"ఒక్క జవాబుకు రెండు ధరలా సార్? వరాఛా వజ్రాల బజార్ల హీరాలకు గూడ గింత ఫరక్ ఉండది. న్యాయం చేస్తరా, పై ఆఫీసుకు పొమ్మంటరా?"

"అవు సార్, అందరికి ఒక్క తీర్గ ఉండాలె!" అన్నారు వెనకున్నవాళ్లు.

హెడ్మాస్టర్ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. రాజలింగం సార్‌ను పిలిచి చూపించాడు. ఆయన తల గోక్కున్నాడు.

"నువ్వన్నది నిజమే గంగారాం. ఒకే జవాబులకు ఒకే మార్కులుండాలి. మార్కులింకా పైకి పంపలేదు, ఇప్పుడే సరిచేద్దాం. జమునకు కూడా ఎనభై ఆరు వేయిస్తాను, సరేనా?"

బుచ్చిరాములు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. జమున వచ్చి నవతను వాటేసుకుంది. నవత నవ్వుతూ తండ్రి వైపు చూసింది.

"పెంచుడు వద్దు సార్," అన్నాడు గంగారాం కూతురి వైపు తిరగకుండా, "రాజలింగం సారు దిద్దిందే కరెక్టు, నా బిడ్డకు గూడ నలభై ఒకటే ఎయ్యిండ్రి."