మొక్కజొన్న పొత్తు వాసన

సెమరాంగ్ ఊళ్లో పాత బజారు వెనక సందులో ఉంది సుగెంగ్ వేప్ కొట్టు, అంటే రుచుల పొగ పీల్చే కరెంటు సిగరెట్ల దుకాణం. సాయంత్రమైతే కుర్రాళ్లు కాఫీ గ్లాసులు ముందు పెట్టుకుని, కొత్త రుచులన్నీ ఊరికే పీల్చి చూస్తూ కూర్చుంటారు.

గల్లాపెట్టె పైన మేకుకు సగం కాలిన చిన్న చెప్పు వేలాడుతుంటుంది.

నిరుడు బజారు తగలబడ్డప్పుడు సుగెంగ్ కూతురు లారస్‌ని ఎవరో ఒకాయన పొగలోంచి ఎత్తుకొచ్చి, గేటు దగ్గర దింపి, మళ్లీ లోపలికి పరుగెత్తాడు. ఆయన కోసం సుగెంగ్ వెతకని వీధి లేదు. ఆ రోజు సంగతి అడిగితే లారస్ నోరు విప్పదు.

"కనబడితే చాలు, ఆయన చేతులు కళ్లకద్దుకుంటా," అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు సుగెంగ్.

ఆ సాయంత్రం సరిగ్గా ఆ చెప్పు కిందే వచ్చి కూర్చున్నాడొక ముసలాయన. మాసిన లుంగీ, బొబ్బలెక్కి మానిన పెదాలు, బొంగురు గొంతు.

"కాల్చిన మొక్కజొన్న రుచి ఉందా బాబూ?"

సుగెంగ్ చిన్న పరికరం అందించాడు. ముసలాయన పీల్చి పెదవి విరిచాడు.

"ఏమీ తెలీడంలేదు."

"అది పన్నెండు వాట్లే కదా పెద్దాయనా. ఇది నలభై. వెన్న రాసిన పొత్తు కొరికినట్టే ఉంటుంది."

పీల్చాడు. గొట్టమంతా చొంగ. ఉన్నట్టుండి దగ్గు తెరలొచ్చి, పక్కనున్న గలీహ్ కాఫీ గ్లాసులో ఉమ్మేశాడు.

"ఛీ! ఛీ! నా కాఫీ!" గలీహ్ గ్లాసు దూరంగా నెట్టేశాడు. "అన్నా, ఆ గొట్టం పారెయ్. చచ్చినా నోట్లో పెట్టను!"

రోజూ ఒకరి ఎంగిలి ఒకరు పీల్చే కుర్రాళ్లందరికీ అప్పుడే శుభ్రం గుర్తొచ్చింది.

"ఇంకా పెద్దదుందా బాబూ?"

సుగెంగ్ మొహం పక్కకి తిప్పుకుని పెద్దది ఇచ్చాడు. ఎనభై వాట్లు. పొగ పుట్టించే లోపలి దూది మాడిపోయింది. ఆ పొగ ఒక్క గుక్క తగిలితే ఎవరైనా గొంతు పట్టుకుని బయటికి ఉరకాల్సిందే. ముసలాయన మాత్రం కళ్లు మూసుకుని తీరిగ్గా పీలుస్తున్నాడు.

"దూది మాడుతోందయ్యా! కంపు తెలీడంలేదా?"

"తెలీదు బాబూ. నిరుటి నుంచి ముక్కుకి ఏ వాసనా తగలదు. ఇంకొంచెం పెంచు. పొత్తులు కాల్చి బతికేవాణ్ణి. ఆ వాసన ఒక్కసారి తగిలితే..."

"కథలు చెప్పకు! ఊరికే పీల్చడానికి కొట్టు కొట్టూ తిరిగే బాపతు నువ్వు. లే!"

చేత్తో ముట్టుకోవాలన్నా రోత పుట్టింది. సుగెంగ్ బల్ల తుడిచే గుడ్డ చేతికి చుట్టుకుని, ఆయన భుజం పట్టి గుమ్మం దాకా నెట్టాడు.

అప్పుడే లారస్ బడి నుంచి వచ్చింది. మాడు వాసన తగలగానే గుమ్మంలోనే బిగుసుకుపోయి వణకసాగింది.

తూలిపడబోయిన ముసలాయన నిలదొక్కుకుని, ఆ పిల్ల వైపు వంగాడు.

"భయపడకు తల్లీ. ఏం లేదు, మొక్కజొన్న పొత్తు కాలుతోందంతే."

ఎదురుగా ఆగిన వ్యానెక్కి వెళ్లిపోయాడు.

"పీడా పోయింది," అంటూ సుగెంగ్ గొట్టాలన్నీ వేడినీళ్లలో పడేశాడు. "నిన్ను ముట్టుకున్నాడా? పద, మొహం కడుక్కో."

లారస్ కదల్లేదు. వ్యాను పోయిన వైపే చూస్తూ అంది.

"నాన్నా, ఆ రోజు నన్నెత్తుకుని పొగలో దారంతా ఈ మాటే చెప్పింది ఈ తాతే."