కొత్త చక్రాల మహిమ

సూళ్లూరుపేట టీకొట్టు ముందు సైకిలు దిగేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. నెల్లూరు నుంచి ఇంత దూరం ఇంత సులువుగా నేనెప్పుడూ తొక్కలేదు.

అంతా కొత్త చక్రాల మహిమ. రేసు సైకిలుకున్న పాతవి పీకించి తేలికపాటి కార్బన్ చక్రాలు వేయించానని తెలిసి రైసుమిల్లులో నవ్వని వెధవ లేడు. "మూటలు మోసే నాయాలికి ఇంత సోకా?" అన్నారు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు షాహుల్. నాకు ఒళ్లు మండి వాడితోనే పందెం కాశాను.

చీకటి పడేలోగా సూళ్లూరుపేట వెళ్లి నెల్లూరికి తిరిగొస్తే వాడు సగం మీసం గొరిగించుకోవాలి. రాలేకపోతే నేను. ఊరు ఎంచింది వాడే. సాక్షిగా మోటారుసైకిలు మీద వెంట వచ్చిందీ వాడే.

"చూసినావా, చక్రాలంటే ఏందో?" అన్నాను టీ అందుకుంటూ. "పోయి ఆ వెధవలకి చెప్పు."

"చెప్తాలే అన్నా. దోవ పొడుగునా నువ్వు కాళ్లు ఆడించింది కూడా తక్కువే."

"ఇంక నీ మీసం మీద ఆశ వదులుకో."

షాహుల్ బన్ను టీలో ముంచుకుని తాపీగా నమిలాడు.

"కార్తీకంలో గాలి ఉత్తరం నించే గదన్నా. ఆ జెండా చూడు."

కొట్టు మీద ఏదో పార్టీ జెండా కర్ర విరిగేట్టు కొట్టుకుంటోంది. పొద్దున్నుంచీ నన్ను వీపు మీద చెయ్యేసి నెట్టుకొచ్చిన గాలి దాన్ని చెన్నై వైపు లాగుతోంది.

నేను నెల్లూరు వైపు తిరిగాను. కళ్లలో దుమ్ము కొట్టింది.

వెనకాల షాహుల్ మా వీధి సెలూన్‌కి ఫోన్ చేస్తున్నాడు. "అన్నా, ఇయ్యాల కొట్టు కొంచెం లేటుగా ముయ్యి."