పదకొండు కంపెనీలకు తెలిసిన పట్టభద్రుడు

"పూర్వ విద్యార్థిగారితోనే కదండీ మాట్లాడుతోంది?" అంది ఫోన్లో ఆడగొంతు. ఆ పూట అది మూడో ఫోను.

స్టోర్ కీపర్ బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూనే మర్యాదగా ఔనన్నాడు. తమరి విశ్వవిద్యాలయంతో మాకు ఒప్పందం ఉందనీ, తమలాంటి పట్టభద్రుల కోసమే ప్రత్యేకంగా ఒక జీవిత బీమా తయారు చేశామనీ ఆవిడ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది.

రెండేళ్లుగా ఇదే వరస. సూపర్ బజారు ముందు పూర్వ విద్యార్థుల విభాగం వాళ్లు బల్ల వేసుకుని కూర్చుంటే, ఫారం నింపి ఓ గొడుగు పుచ్చుకున్న పాపానికి ఫోన్లు జోరీగల్లా చెవి చుట్టూ తిరుగుతున్నాయి. బీమా వాళ్లు, క్రెడిట్ కార్డు వాళ్లు, విహారయాత్రల వాళ్లు, ఆఖరికి జుట్టు మొలిపించే వాళ్లు కూడా. తలలో ఏముందో ఏనాడూ పట్టించుకోని విశ్వవిద్యాలయం, తల మీద ఏం లేదో మాత్రం కనిపెట్టి వాళ్లకు చేరవేసింది.

ఇవాళ ఆయన వెళ్తున్నది ఆ విశ్వవిద్యాలయానికే. పని చేస్తున్న ఫర్నిచర్ కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరమ్మ అందరి పట్టాలూ చూపించమంది. ఇల్లు మారినప్పుడు పోయిందని ఈయన చెప్పాడు. అయితే శుక్రవారం లోగా నకలు తెమ్మనీ, లేకపోతే ఉద్యోగం ఉండదనీ ఆవిడ మొహం మీదే చెప్పేసింది. ఇవాళ గురువారం. పద్నాలుగేళ్ల ఉద్యోగం, చదువుకుంటున్న పిల్లలిద్దరు, ఈ వయసులో ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు. సంగతి తెలిసి భార్య ఒక్క అలమరా కూడా తెరిచి వెతకలేదు. జాగ్రత్తగా వెళ్లి రమ్మంది.

పరీక్షల విభాగం మెట్ల కింద చీకటి గదిలో ఉంది. గుమాస్తా లావుపాటి రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, ఈయన చెప్పిన సంవత్సరం పేజీల మీద వేలిని పైనుంచి కిందికి రెండుసార్లు నడిపించాడు.

"మీ పేరు లేదండీ. మీరిక్కడ చదవలేదు."

స్టోర్ కీపర్ ఇంకొక్కసారి చూడమని బతిమాలాడు. గుమాస్తా పాపం మంచివాడే, మళ్లీ చూశాడు. రిజిస్టర్లో లేని మనిషికి పట్టా ఇవ్వడం ఆ దేవుడి తరం కూడా కాదని చెప్పి, భోజనం డబ్బా తెరుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. పూర్వ విద్యార్థులకు నీళ్ల ఫిల్టరు సగం ధరకేనట. నా నంబరు ఎవరిచ్చారయ్యా అంటే, మీ పూర్వ విద్యార్థుల విభాగం వాళ్లేనన్నాడు అవతలివాడు గర్వంగా. ఆ విభాగం పై అంతస్తులో ఉందని గుమాస్తా ముద్ద నోట్లో పెట్టుకుంటూ చెయ్యి చూపించాడు. స్టోర్ కీపర్ మెట్లెక్కాడు.

అదో వేరే లోకం. గాజు తలుపు, ఏసీ, కూర్చుంటే మునిగిపోయే సోఫా. ఆఫీసరమ్మ పేరు కొట్టీ కొట్టగానే కంప్యూటర్లో ఆయన జాతకమంతా వచ్చేసింది. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంటి చిరునామా, పిల్లల క్లాసులు. చదివిన కోర్సు, పాసైన సంవత్సరం కూడా ఉన్నాయి.

"మీరు మా కుటుంబ సభ్యులండీ," అంటూ కాఫీ కప్పు చేతికిచ్చింది.

కింద గదిలో వాళ్లు మాత్రం తానెవరో తెలీదంటున్నారని ఆయన చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఆ తర్వాత ఆయన అడిగింది విని నవ్వు ఆపేసింది.

"అయితే నేనిక్కడ చదవలేదని కాగితం మీద రాసిచ్చేయండమ్మా. పట్టా ఎలాగూ రాదు, ఫోన్లు చేసేవాళ్లకన్నా చూపించుకుంటాను."

ఎంత చిన్న కోరిక! ఆవిడ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. పదకొండు కంపెనీలతో చేసుకున్న ఒప్పందంలో, జాబితాలోని ప్రతి పేరునూ విశ్వవిద్యాలయమే సరిచూసిందని రిజిస్ట్రారుగారు సంతకం పెట్టారు. ఒక్క పేరు తప్పని తేలినా జాబితా మొత్తం వెనక్కి వస్తుంది. సరిచూడ్డానికి ఎవరినీ నియమించలేదన్న ముక్క మాత్రం అందులో రాయలేదు.

పది నిమిషాల్లో రిజిస్ట్రారు ఊడిపడ్డాడు. గుమాస్తాను సగం భోజనంలోంచి లేపుకొచ్చారు. కంపెనీలకిచ్చిన జాబితాలో ఉన్న పెద్దమనిషి రిజిస్టర్లో ఎందుకు లేడని రిజిస్ట్రారు గద్దించాడు. రిజిస్టరు చేత్తో రాసిందనీ, జాబితా కంప్యూటర్లో ఉన్నదనీ, పొరపాటు ఎక్కడ జరిగిందో ఇంతకన్నా చెప్పక్కర్లేదనీ రిజిస్ట్రారు తేల్చేశాడు. ఎంతైనా చదువుకున్న మనిషి.

ఆ సంవత్సరం ఆఖరి పేరు కింద కాస్త ఖాళీ ఉంటే, గుమాస్తా చేతనే అక్కడ కొత్త పేరు రాయించారు.

"మార్కులేమైనా గుర్తున్నాయాండీ?" అనడిగాడు రిజిస్ట్రారు, కొంచెం మెత్తబడి.

"గొప్పగా ఏం రాలేదండీ," అని స్టోర్ కీపర్ తల దించుకున్నాడు.

ఆ వినయానికి రిజిస్ట్రారు కరిగిపోయాడు. ఫస్ట్ క్లాసు వేయించాడు. కలిగిన ఇబ్బందికి మన్నించమని చేతులు పట్టుకున్నాడు. గుమాస్తా మాత్రం పక్క బల్ల దగ్గర కూర్చుని, ఇన్నేళ్లూ ఒక విద్యార్థి పేరు ఎగ్గొట్టినందుకు సంజాయిషీ రాసుకుంటున్నాడు.

ముద్ర తడి ఇంకా ఆరని పట్టాతో స్టోర్ కీపర్ బయటి మెట్ల మీద కూలబడ్డాడు. ఉద్యోగం నిలబడిందన్న సంతోషంలో కళ్లు చెమ్మగిల్లాయి. కాసేపటికి తేరుకుని ఇంటికి ఫోన్ చేశాడు. పనైందా అని భార్య గొంతు తగ్గించి అడిగింది.

"అయిందే, యూనివర్సిటీ ఎంత బాగుందనుకున్నావ్, కుర్రతనంలో ఒక్కసారి వచ్చి చూసుంటే ఎలాగోలా ఇక్కడే చేరి చదువుకునేవాణ్ణి."