తెర వెనక కడుపునొప్పి

"మళ్ళీ కడుపునొప్పేనా, వెండెల్?"

నర్సు ఆర్లిస్ తలెత్తకుండానే అడిగింది. ఐసు సంచులు సర్దుకుంటోంది. గుమ్మంలో అడుగుల చప్పుడు వింటే చాలు, వచ్చింది జ్వరమో భయమో ఆమెకి తెలిసిపోతుంది.

"ఈసారి నిజంగానే" అన్నాడు వెండెల్.

"ఎప్పుడు కాదు గనక. బూట్లు విప్పి పడుకో."

మంచం పొట్టిది. వెండెల్ కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఆర్లిస్ చుట్టూ తెర లాగింది. రెండు ఉప్పు బిస్కెట్లు, అరకప్పు అల్లం సోడా లోపలికి అందించింది. పొట్ట మీద ఐసు సంచి పెట్టింది. ఆ గదిలో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే. ఊళ్ళో ఆమెని ఐసు నర్సు అని ఎగతాళి చేసేది కూడా అందుకే.

ఆ రోజు కడుపునొప్పులకి కొదవ లేదు. బడి వదిలాక భోజనాల హాలులో స్కూలు బోర్డు మీటింగు. మొదట మూడో తరగతి పిల్లలు మంచుకాలం గురించి తాము రాసుకున్నది తలా ఒక ముక్క చదవాలి. తర్వాత పెద్దల వ్యవహారాలు. పొద్దుటినుంచి మూడో తరగతి సగం ఆ మంచం మీద పొర్లి వెళ్ళింది.

"ఇంటికి ఫోన్ చెయ్యనా?"

"వద్దు. నవ్వుతుంది."

"నవ్వదా మరి? రాసింది నువ్వేగా. నీ రాత చదవడానికి నీకే భయమా?"

"రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ లేరు, నర్సమ్మా."

అంతలో ఆఫీసు గుమాస్తా మార్లా తలుపు తోసుకుని వచ్చింది.

"ఏమే ఆర్లిస్, హాలు తలుపుకి అంటించిన మీటింగు కాగితం చూశావా? మూడో అంశం నువ్వే. నీ ఉద్యోగం ఎత్తేస్తారట."

"చూశాను. అచ్చుతప్పుల్లేవు."

"నీకు నవ్వులాటగా ఉంది. ఐసు ఇవ్వడానికి నర్సెందుకు అన్నాడట, బళ్ళన్నిటి మీదా పెత్తనం చేసే ఆ సూపరింటెండెంటు. వచ్చే ఏడు నుంచి నీ పని కూడా నేనే చూసుకోవాలట. ఆ పిల్లాడు కోడీకి షుగరు సూది ఎవరు పొడుస్తారు, నేనా? సూది కనిపిస్తే నిలువునా పడిపోయే మనిషిని. అప్పుడు నాకు ఐసు ఎవరు పెడతారు, ఆయనా?"

తెర వెనక మంచం కిర్రుమంది.

మార్లా గొంతు తగ్గించింది. "ఎవరది?"

"కడుపునొప్పి."

"ఏ క్లాసు?"

"తెర లాగాక పేరు ఉండదు. నీకు తెలుసుగా."

తెలుసు. లోపల ఎవరున్నదీ ఆర్లిస్ చెప్పదు. హెడ్మాస్టరు అడిగినా అంతే.

"నిన్ను ఇంటికి పంపించేస్తుంటే నువ్వు బిస్కెట్లు తినిపిస్తూ కూర్చో. పోయి బోర్డువాళ్ళతో ఒక మాట చెప్పుకోవే తల్లీ."

"జబ్బు మనిషిని వదిలి ఎక్కడికి పోను?"

మార్లా గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంగ్రిడ్ అనే పిల్ల వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయంది. పొద్దున ఏం తిన్నావని ఆర్లిస్ అడగలేదు. పల్లీల ముద్ద రాసిన రొట్టె చేతిలో పెట్టి, ఆ పిల్ల తినేదాకా కిటికీలోంచి మంచు చూస్తూ నిలబడింది.

"ఇంకోటి కావాలా?"

"కళ్ళు ఇంకా కొంచెం తిరుగుతున్నాయి" అంది ఇంగ్రిడ్.

ఇంకోటి ఇచ్చి పంపింది.

గది సద్దుమణిగాక తెర వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఉద్యోగం పోతే మీరేం చేస్తారు?"

"చెల్లెలి దగ్గరికి అరిజోనా పోతానని ఊరంతా అనుకుంటోంది. నాకు ఎండ పడదు. మా ఆయన పోయాక ఇంట్లో ఉన్నది కుక్క ఒక్కటే. దానికి కడుపునొప్పి రాదు."

లోపల బిస్కెట్టు నమిలే చప్పుడు ఆగిపోయింది.

"సరే, లే ఇక" అంటూ ఆర్లిస్ తెర తీసింది. "ఇటు చూడు. నీ వంతు వచ్చి నిలబడ్డాక బూటులో బొటనవేలు కదుపు. ఎవరికీ కనబడదు. వణుకంతా అక్కడికి దిగిపోతుంది. జనాన్ని చూడకు. వెనక గోడ దగ్గర ఒక్క ముఖం చూసుకో. ఆ ముఖానికే చదివి వినిపించు."

"ఎవరి ముఖం?"

"నాదే. ఎప్పుడూ అక్కడేగా కూర్చునేది."

"అందరికీ ఇదే చెప్పారా?"

"ఆ మంచం ఎక్కినవాళ్ళందరికీ."

వెండెల్ బూట్లు తొడుక్కున్నాడు. ఆర్లిస్ అతని కాలరు మీది బిస్కెట్టు పొడి దులిపి, వీపు మీద చిన్నగా తట్టి పంపించింది.

బడి వదిలారు. భోజనాల హాలు నిండిపోయింది. మూడో తరగతి పిల్లలు ఒక్కొక్కరే లేచి చదివారు. అందరి చూపూ వెనక గోడకేసే. ఒక్కరూ తడబడలేదు. పిల్లల్ని భలే తయారుచేశారని బోర్డు అధ్యక్షురాలు టీచరుని మెచ్చుకుంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆర్లిస్ కూడా కొట్టింది.

"ఎవరి చప్పట్లు ఎవరికో" అంది పక్కన కూర్చున్న మార్లా.

"ఊరుకో. ఇంకా ఒకరు మిగిలారు."

వెండెల్ వంతు వచ్చింది. ఆర్లిస్ చేతిలో అల్లిక ఆపి, బాగా కనబడేలా తల పైకెత్తింది.

సూపరింటెండెంటు వెండెల్ హాగెన్ లేచి, బూటులో బొటనవేలు కదుపుకుని, వెనక గోడ దగ్గర ఆ ఒక్క ముఖాన్ని వెతికి పట్టుకుని, బడిలో నర్సు ఉద్యోగం ఎత్తివేయాలనే మూడో అంశాన్ని ఎక్కడా తడబడకుండా చివరిదాకా చదివాడు.